పానకాలరావు గారి కారు మూలస్థితి

పాత బండ్లన్నిటినీ తుక్కు కింద కొట్టేయాలని కొత్త రూలు వచ్చిన రోజున తెనాలి ఊరంతా గగ్గోలెత్తిపోయింది, ఒక్క పానకాలరావు గారు తప్ప. ఆయన కాఫీ తాగుతూ పేపర్లో ఆ రూలును రెండుసార్లు చదివి, "బాగా రాశారు," అన్నారు. కరెంటాఫీసు స్టోర్సులో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరైన మనిషి. రూలన్నాక దాని వెనక ఎవరో ఒక తెలివైనవాడు ఉండే ఉంటాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఉద్యోగంలో ఆయనకి ఏ లాభమూ కలగలేదు గానీ, నిద్ర మాత్రం బాగా పట్టేది.

పైగా ఆ రూల్లో ఒక సందు ఉంది. వారసత్వ వాహన పరిరక్షణ మండలి అని కొత్తగా ఒకటి వెలిసింది. పాత బండి బానెట్ ఎత్తి చూసి, ఇంజనూ దాని చుట్టూ ఉన్న సరంజామా అంతా "మూలస్థితి"లో ఉందని ఆ మండలి ధ్రువీకరిస్తే, ఆ బండి వారసత్వ సంపద అయిపోతుంది. ఇక దాని జోలికి ఎవరూ రారు. ధ్రువీకరించకపోతే దీపావళి వెళ్లగానే తుక్కు లారీ ఇంటి ముందుకొచ్చి నిలబడుతుంది.

పానకాలరావు గారికి ఒక ఫియట్ కారుంది. పెళ్లయిన కొత్తలో కొన్నది. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు ఆడపిల్లల హైస్కూల్లో హిందీ పండితురాలిగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో వాళ్లిద్దరికీ క్షణం పడదు. పాలు పొంగినా తగువే, ఫ్యాను ఆపకపోయినా తగువే. కానీ రోజూ సాయంత్రం ఆ కారెక్కి కాలవ గట్టు మీద ఒక గంటసేపు తిరిగొస్తారు చూడండి, అప్పుడు మాత్రం ఇద్దరికీ ఎక్కడ లేని మాటలూ పుట్టుకొస్తాయి. ఇంట్లో "ఏమండీ" అంటే "ఊఁ" తప్ప పలకని ఈయన, స్టీరింగు పట్టుకోగానే పాత సంగతులన్నీ తవ్వి పోస్తారు. ఆవిడ నవ్వుతారు కూడా. కారు పోతే ఆ గంట పోతుంది. ఆ గంట పోతే ఇక తమకి మిగిలేది పాలూ ఫ్యానూనే అని పానకాలరావు గారికి లోలోపల పెద్ద భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు గానీ, దరఖాస్తు మాత్రం అందరికంటే ముందు పెట్టారు.

దరఖాస్తుతో పాటు ఇంజన్ కనిపించేలా తీసిన పాత ఫొటో ఏదైనా ఉంటే జతపరచమన్నారు. ఊళ్లో అందరూ "లేదు" అని రాసి ఊరుకున్నారు. ఈయన ఊరుకుంటారా? బీరువా అంతా గాలించి ఒక ఫొటో పట్టుకొచ్చారు. కారు కొన్న రోజున ఇంటి ముందు బండికి పూజ చేయించి, బానెట్ ఎత్తించి, స్టూడియో అతను ఎదురుగా నిలబడి తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో.

"లేదని ఒక్క ముక్క రాస్తే పోయేదానికి, ఈ ఫొటో ఎందుకండీ ఇప్పుడు?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"ఉన్నదాన్ని లేదని ఎట్టా రాయమంటావు రాజ్యం?"

"సరే ఇవ్వండి. తరవాత నన్ననబాకండి."

ఇక కారు పని మొదలైంది. మస్తాన్ అనే మెకానిక్ బానెట్ ఎత్తాడు, పానకాలరావు గారు పక్కన స్టూలేసుకుని కూర్చున్నారు. లోపల ఒక సంసారమే కనిపించింది. ఫ్యూజుల పెట్టెకి మూతగా సబ్బు డబ్బా, నీళ్ల గొట్టానికి చుట్టిన సైకిలు ట్యూబు ముక్క, ట్రాక్టరుకుండాల్సిన హారను, ఎక్కడో ఊడిపోయిన స్ప్రింగుకి బదులు రాజ్యలక్ష్మి గారి కుట్టుమిషను స్ప్రింగు. వీటన్నిటి మీదా ఏటేటా దసరాకి పూసిన పసుపూ కుంకుమా గంధమూ అట్టలు కట్టి ఉన్నాయి.

"సార్, ఈ పసుపు గీకితే కింద ఇంజను ఉంటదో ఉండదో, గ్యారంటీ నేనివ్వలేను," అన్నాడు మస్తాన్.

ఉంది. కిరసనాయిలూ, పళ్లు తోముకునే బ్రష్షూ పెట్టి మూడు నెలలు గీకితే బయటపడింది. బెజవాడ ఆటోనగర్లో కొట్టు కొట్టుకీ తిరిగి అసలు హారనూ, అసలు గొట్టాలూ, అసలు క్లిప్పులూ సంపాదించారు. ఇంజను నెత్తిన ఉండే ట్యాపెట్ కవరుకి మొదట్లో ఉన్న రంగే మళ్లీ వేయించారు. ఒక మరకా లేదు, ఒక చారా లేదు. రాజ్యలక్ష్మి గారు తొంగి చూసి, "నా వంటిల్లు ఏనాడైనా ఇట్టా తుడిచారా?" అన్నారు. మెచ్చుకోవటంలో ఆవిడ పద్ధతి అది.

మండలి నుంచి పరిశీలనాధికారి పుండరీకాక్షం గారు వచ్చారు. మెడలో తాడుకి భూతద్దం వేలాడుతోంది. ఆయనకి మామూలు తెలుగు రాక కాదు, డ్యూటీలో ఉండగా మాట్లాడరు.

"యంత్రకుహరమును తెరువుడు," అన్నారు.

పానకాలరావు గారు బానెట్ ఎత్తారు. పెళ్లికూతుర్ని పీటల మీదికి తెచ్చినంత గర్వం ఆయనకి. పుండరీకాక్షం లోపలికి చూశారు, చేతిలో ఫొటో చూశారు, మళ్లీ లోపలికి చూసి పెద్ద నిట్టూర్పు విడిచారు.

"మిక్కిలి విచారకరము. వారసత్వ సంపద సమూలముగా ధ్వంసమై ఉన్నది. పసుపు ఏది?"

"గీకేశామండీ. మూడు నెలలు పట్టింది."

"మూడు నెలలు శ్రమించి ధ్వంసమొనర్చితిరా?"

"కంపెనీ నుంచి వచ్చినప్పుడు పసుపు ఉండదు కదండీ!"

"కంపెనీ నుండి వచ్చినప్పుడు ఎట్లుండెనో మండలి చూడలేదు. మండలి చూచినది ఈ ఛాయాచిత్రము. దీనిని మీరే సమర్పించితిరి. రేడియేటరుపై స్వస్తికము ఒకటి, బ్యాటరీపై బొట్లు, ఫ్యానుకు బంతిపూల దండ, ఇంజనుపై కొబ్బరిచిప్పలు, ప్రక్కన నిమ్మకాయ. ఇవి యావత్తూ మూల విడిభాగములు."

"నిమ్మకాయ విడిభాగం ఏందండీ?"

"కానిచో ఇంజను ప్రక్కన దానికేమి పని?"

పానకాలరావు గారు ఆలోచించారు. ఆ ప్రశ్నలో ఆయనకి ఒక తర్కం కనిపించింది. ఆయనతో వచ్చిన చిక్కే అది.

కాబట్టి మూడు నెలలు గీకిన పసుపుని ఒక్క పూటలో మళ్లీ పూశారు. పూజారిని పిలిపించి స్వస్తిక్ వేయించారు. పుండరీకాక్షం రెండోసారి వచ్చి, ఫొటోలో పసుపు బూడిద రంగులో ఉందనీ, కారులో పసుపు పచ్చగా ఉందనీ అభ్యంతరం చెప్పారు. అది బ్లాక్ అండ్ వైట్ ఫొటో అని పానకాలరావు గారు మనవి చేసుకుంటే, "అది మీ అభిప్రాయము," అని రాసుకున్నారు. ఈ విషయం తేల్చడానికి మండలి ఒక రంగుల ఉపసంఘాన్ని వేసింది. ఉపసంఘం నివేదిక వచ్చేదాకా పసుపు పసుపు రంగులో ఉండటానికి తాత్కాలికంగా అనుమతించారు. నిమ్మకాయ ఎండిపోతే మూలస్థితి చెడినట్టేనని కూడా తేలడంతో, పానకాలరావు గారు రోజూ పొద్దున్నే మార్కెట్టుకెళ్లి ఫొటో చేతిలో పట్టుకుని నిమ్మకాయలు ఏరడం మొదలుపెట్టారు. నిమ్మకాయలమ్మే ఆవిడ ఆయన్ని చూసి గంప మీద గుడ్డ కప్పేసేది.

మూడోసారి అంతా సరిపోయిందనుకునే వేళకి పుండరీకాక్షం భూతద్దం ఫొటో అంచు దగ్గర ఆగిపోయింది.

"ఇది ఏమి?"

కారు మడ్‌గార్డు మీద ఒక చెయ్యి ఆని ఉంది. మోచేతి దాకానే పడింది. చేతికి గాజులు, వేలికి ఉంగరం. మిగతా మనిషి ఫొటో బయట ఉండిపోయింది.

"మా ఆవిడ చెయ్యండీ," అన్నారు పానకాలరావు గారు కాస్త సిగ్గుపడుతూ. "బొట్లు పెట్టి, అట్టా ఆనుకుని నుంచుంది."

"ఆ చెయ్యి ప్రస్తుతము ఎక్కడ ఉన్నది?"

"వంటింట్లో ఉందండీ. అట్లు పోస్తోంది."

పుండరీకాక్షం కళ్లు పెద్దవయ్యాయి. "మూల విడిభాగమును వాహనము నుండి వేరుచేసి అట్లు పోయించుచున్నారా!"

కేక విని రాజ్యలక్ష్మి గారు అట్లకాడతో సహా బయటికొచ్చారు. సంగతి విని, మొగుడి మొహం చూసి, వెళ్లి మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించారు. పుండరీకాక్షం భూతద్దంతో ఆ చేతిని పరీక్షించి తల అడ్డంగా ఊపారు.

"చెయ్యి మూలస్థితిలో లేదు. ముడతలు ఉన్నవి."

"మీ మూలస్థితి ఏందో మీ అమ్మగారినడిగి చెప్పమంటారా నాయనా?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

హైస్కూల్లో వెనక బెంచీ పిల్లల్ని ముప్ఫై ఏళ్లు అదుపులో పెట్టిన గొంతు అది. పుండరీకాక్షం ఒకడుగు వెనక్కి వేసి, "ముడతలను కాలానుగత శోభగా పరిగణించడమైనది," అని గబగబా రాసేసుకున్నారు.

వారం తిరక్కుండా ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి మొహంలో కొంచెం దయ కూడా ఉంది.

"శుభము. యంత్రకుహరము, పసుపు, నిమ్మకాయ, చెయ్యి, యావత్తూ ఆమోదింపబడినవి. ఒక్క అభ్యంతరము. వాహనము సమీపమున ఒక పరాయి వస్తువు పదే పదే కానవచ్చుచున్నది. దానిని తొలగించవలెను."

"ఏదండీ అది? ఇప్పుడే తీసేస్తాను," అన్నారు పానకాలరావు గారు హుషారుగా.

"మీరు."

పానకాలరావు గారు వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు.

"నేను ఓనర్నండీ!"

"ఛాయాచిత్రములో లేరు."

"ఉన్నానండీ! ఎత్తిన బానెట్ వెనక, డ్రైవరు సీట్లో కూర్చునున్నాను. స్టీరింగు పట్టుకుని నవ్వుతున్నాను కూడా!"

"బానెట్ వెనుక ఎవరున్నారో, వారు నవ్వుచున్నారో ఏడ్చుచున్నారో, మండలి వద్ద ఆధారము లేదు."

"ఉన్నారు నాయనా, నేను చూశాగా," అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"అమ్మా, ఛాయాచిత్రము ప్రకారము మీరు చెయ్యి. చేతికి కన్నులుండవు."

ఆ మాటకి పానకాలరావు గారి ప్రాణం ఉసూరుమంది. జన్మలో అంత సంతోషంగా ఉన్న రోజు ఆయనకి ఇంకొకటి లేదు. ఆ రోజున తను అక్కడ లేనే లేనని ఒక ఆఫీసు రాసిపెట్టింది. జన్మంతా రూళ్లని నమ్మిన మనిషికి ఒక్కసారిగా ఏడుపొచ్చింది.

మండలి నిర్ణయం చక్కగా ఉంది. పరాయి వస్తువు ఉన్న ఇంట్లో వారసత్వ సంపద ఉండరాదు. కనుక కారును మండలి వారి వాహన శాలకు తరలిస్తారు. చెయ్యి కూడా కారుతో పాటే రావాలి. పొద్దుట శాల తెరిచినప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా మడ్‌గార్డు మీద ఉండాలి. కాదంటే తుక్కు లారీ సిద్ధంగానే ఉంది. రాజ్యలక్ష్మి గారికి కారు మీద అంత మోజేమీ లేదు. కానీ లారీ పేరెత్తగానే మొగుడి మొహం చూశారు. "సరే పదండి," అన్నారు.

శాలలో చుట్టూ తాడు కట్టి, మధ్యలో కారు నిలబెట్టారు. ఫొటోలో మిగతా మనిషి లేదు కాబట్టి పక్కన ఒక నల్ల తెర వేలాడదీసి, దానికొక చిల్లు పెట్టారు. రాజ్యలక్ష్మి గారు తెర వెనక స్టూలు మీద కూర్చుని, చిల్లులోంచి చెయ్యి చాపి మడ్‌గార్డు మీద పెట్టాలి. ఎదురుగా బోర్డు: సందర్శకులు వస్తువులను తాకరాదు, పలకరించరాదు.

పానకాలరావు గారు ఇంట్లో వంట చేసి, క్యారియర్ పట్టుకుని, శాల గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని, వరసలో నిలబడి లోపలికెళ్లేవారు. క్యారియర్ అటెండరుకిచ్చి, తాడు ఇవతల నిలబడి ఆ చేతిని చూసేవారు. పక్కన స్కూలు పిల్లలు, వాళ్ల పంతులు. "పిల్లలూ, ఇది ఆ కాలపు చెయ్యి," అని పంతులు చెప్పేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక, "రాజ్యం, కూరలో ఉప్పు ఎక్కువైందా?" అని గొణిగారు. మడ్‌గార్డు మీది చెయ్యి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, కొంచెం అన్నట్టు చూపించింది.

"కదలరాదు!" అన్నారు పుండరీకాక్షం ఎక్కడి నుంచో ప్రత్యక్షమై. ఈయన వైపు తిరిగి, "మాట్లాడింపరాదు. ఛాయాచిత్రములో చెయ్యి సంభాషించుచున్నట్లు ఆధారము లేదు," అన్నారు.

సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి భుజం లాగేసేది. రెండు ముద్దలు తిని పడుకునేవారు. పాలు పొంగాయని తిట్టే ఓపిక కూడా లేదు. ఫ్యాను రోజంతా తిరుగుతూనే ఉండేది, ఆపమనే మనిషి లేరు. కారు దక్కింది, గంట దక్కలేదు, తగువులు కూడా పోయాయి. ఇంత నిశ్శబ్దం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. పానకాలరావు గారు మంచం మీద కూర్చుని తనని తానే తిట్టుకున్నారు. ఎలకకి భయపడి ఇల్లు తగలబెట్టుకున్నానే అనుకున్నారు.

మర్నాడు శాలకి వెళ్లి, బోర్డు కింద నిలబడి, పెద్ద గొంతుతో అన్నారు. "అయ్యా, మీ మూలస్థితి మీరే ఉంచుకోండి. కారు తుక్కుకిచ్చేయండి, నాకేం బాధ లేదు. మా ఆవిణ్ని నాకిచ్చేయండి."

పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. పుండరీకాక్షం గొంతు సవరించుకున్నారు. "వారసత్వ సంపదను తిరిగి ఇచ్చుటకు నిబంధన లేదు."

"రూల్లో రాయటం మరిచిపోయి ఉంటారు. మీరే ఒకసారి ఆలోచించండి బాబూ," అంటూ పానకాలరావు గారు రెండు చేతులూ జోడించారు. ఎవరికీ అట్లా దణ్ణం పెట్టిన మనిషి కాదు.

మడ్‌గార్డు మీది చెయ్యి చిల్లులోంచి లోపలికెళ్లిపోయింది. తెర పక్కకి జరిగింది. రాజ్యలక్ష్మి గారు బయటికొచ్చి, భుజం తడుముకుని, తిన్నగా కారు ముందుకెళ్లి బానెట్ కిందికి లాగి దబ్బున మూశారు. ఆ చప్పుడికి శాలలో పావురాలన్నీ లేచాయి.

"ఎక్కండి."

"రాజ్యం, రూలు..."

"మీరు నడుపుతారా, నన్ను నడపమంటారా?"

ఆవిడకి డ్రైవింగ్ రాదు. శాల నిండా పిల్లలున్నారు. ఇక తప్పదని పానకాలరావు గారు తాడు దాటారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. ఫొటోలో లేదు కాబట్టి మండలి దాన్ని తీసుకోలేదు. తిప్పగానే ఇంజను అందుకుంది. ఫ్యానుకి కట్టిన దండ తెగి, బానెట్ కింది నుంచి బంతిపూలు రేకులు రేకులుగా ఎగిరాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. "సంపద! సంపద!" అని అరుస్తూ పుండరీకాక్షం గేటు దాకా పరిగెత్తి, గేటు దగ్గర ఆగి, ఎందుకైనా మంచిదని అటెండరు చేత వెనక నుంచి గేటు మూయించారు.

తుక్కు లారీ ఇవాళ వస్తుంది, రేపొస్తుంది అని దంపతులిద్దరూ ఎదురుచూశారు. రాలేదు. ఎందుకు రాలేదో ఆఫీసుల్లో పనిచేసిన వాళ్లెవరినడిగినా చెబుతారు. కారు పోయిందని రాస్తే, ఎవరి కస్టడీలో పోయిందన్న ప్రశ్న వస్తుంది. ప్రశ్న వస్తే సంజాయిషీ అడుగుతారు. సంజాయిషీ అంటే ప్రమోషన్ ఆగుతుంది. అంతకంటే కారు పోలేదని రాయడం తేలిక. శాల తలుపుకి "సంరక్షణ పనుల నిమిత్తము దర్శనము నిలిపివేయడమైనది" అని కాగితం అంటించారు. రికార్డు ప్రకారం కారు లోపలుంది. లోపలున్న కారు కోసం ఇంటికి లారీ పంపరు కదా.

ఒక సాయంత్రం కాలవ గట్టు మీద మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. పానకాలరావు గారు ఏదో చెబుతున్నారు, రాజ్యలక్ష్మి గారు నవ్వుతున్నారు. దారి పక్కన ఒకాయన తల మీద ఫైలు పెట్టుకుని చెయ్యి ఊపాడు. కారు ఆగాక చూస్తే, పుండరీకాక్షం.

ఆయన తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుని, చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నారు.

"బస్సు తప్పిపోయిందండీ. కాస్త మండలి ఆఫీసు దాకా దింపుతారా మాస్టారూ? పుణ్యముంటది," అన్నారు మామూలు తెలుగులో.

పానకాలరావు గారు గేరు వేశారు. రాజ్యలక్ష్మి గారు వెనక్కి తిరిగి అడిగారు. "ఈ వానలో ఆఫీసుకేం పని నాయనా?"

"రోజూ మూసేలోపల వెళ్లి సంతకం పెట్టాలమ్మా. మీ కారు శాలలో ఉందో లేదో కళ్లారా చూసి రాయాలి."

"మరి ఇవాళ ఏమని రాస్తావు?"

"ఉన్నది ఉన్నట్టే రాస్తానమ్మా. కారు ఉంది, మూలస్థితిలో ఉంది, చెయ్యి కదలటం లేదు." ఆయన గడియారం చూసుకుని ముందుకి వంగారు. "కొంచెం తొందరగా పోనివ్వండి మాస్టారూ. ఆలస్యమైతే కారు లేనట్టు లెక్క."

పానకాలరావు గారు ఆక్సిలేటరు గట్టిగా తొక్కారు.